పేరు రాయని పెట్టె

వ్యాసర్‌పాడిలో మా సందు పొడవు నూట పది అడుగులు.
అందులో నాలుగు సంఘాలు.
ఆదివారం పొద్దున నాలుగు మైకులూ ఒకేసారి లేస్తే
దేవుడు ఏ చెవి ఒగ్గాలో తెలియక
కాసేపు బకింగ్‌హామ్ కాలవ గట్టుకి వెళ్ళి కూర్చుంటాడని
మా ఆయన అనేవాడు.

బాప్తిస్టు వాళ్ళకి పెంతెకొస్తు వాళ్ళంటే గొర్రెల దొంగలు.
పెంతెకొస్తు వాళ్ళకి లూథరన్ వాళ్ళంటే చల్లారిన పొయ్యి.
బ్రదరన్ వాళ్ళు ఎవరి మాటా ఎత్తరు,
తలుపు మాత్రం గట్టిగా వేసుకుంటారు.
నీళ్ళు చిలకరించాలా, మనిషిని ముంచాలా అని
నేను ఇడ్లీ రేకులు తోముతున్న ఇరవై ఏళ్ళుగా
తగువు నడుస్తూనే ఉంది.

ఆ డిసెంబరు వాన మాత్రం
ఎవర్నీ అడగలేదు.
అందర్నీ ముంచింది.

ఆ రాత్రే లూథరన్ గుడి పాత అయ్యగారి భార్య
సుగుణరత్నమ్మ కన్ను మూసింది.
ఇంట్లో నడుం లోతు నీళ్ళు.
బల్ల మీద బల్ల వేసి, పైన ఆమెని పడుకోబెట్టి
కొడుకు పాదాలు పట్టుకుని నిలబడ్డాడు,
తేలిపోతుందేమోనని.
ఫ్రీజర్ పెట్టె అద్దెకిచ్చేవాడు పన్నెండు వేలన్నాడు.
రెండోసారి చేస్తే ఫోను ఎత్తలేదు.

అప్పుడు చూశాను.
పెంతెకొస్తు పాస్టరు ఏసుపాదం
ఆటో ఆగిపోయిన చోటు నుంచి
మంచు దిమ్మ భుజాన వేసుకుని
చంకల దాకా నీళ్ళలో నడిచి వస్తున్నాడు.
కాశిమేడు మంచు. నిండా చేపల వాసన.
చల్లారిన పొయ్యి అన్నది ఈయనే.
బ్రదరన్ వాళ్ళ మేడ తలుపు తెరుచుకుంది.
ఆ తలుపు కిర్రుమంటుందని
మాకు ఆ రాత్రే తెలిసింది.

నీళ్ళు తీశాక నలుగురూ చందా వేసుకుని పెట్టె కొన్నారు.
పాతదే. దానికో చిన్న జనరేటరు.
కొనడానికి పట్టింది పదకొండు రోజులు.
దాని మీద ఎవరి పేరు రాయాలో తేల్చడానికి ఐదు నెలలు.
వాక్యం రాయమని ఒకరు, శిలువ చాలని ఒకరు,
నాలుగు పేర్లూ అక్షర క్రమంలో అని ఇంకొకరు,
ఏ భాష అక్షర క్రమం అని మళ్ళీ ఒకరు.
పెయింటరు విసిగి
నా ఫోను నంబరు రాసి పోయాడు.

తాళం నా దగ్గరే ఎందుకంటే
ఆదివారం ఒక గుడికీ
శుక్రవారం ఉపవాస ప్రార్థనకి ఇంకో గుడికీ పోయే మనిషిని.
నన్ను ఎవరూ పూర్తిగా నమ్మరు.
అందుకే అందరూ నమ్మారు.

పెట్టె మొదట వెళ్ళింది పెంచలయ్య కోసం.
కార్పొరేషన్ చెత్తబండి తోసేవాడు,
మా నాలుగు గుడుల్లో ఏ మెట్టూ ఎక్కినవాడు కాదు.
నుదుట విబూది. గుమ్మంలో డప్పుల మోత.
డీకన్ ప్రసన్నరాజు నా చెవిలో
"ఇందుకా కొన్నది?" అని గొణిగాడు.
గొణుగుతూనే వంగి ప్లగ్గు పెట్టాడు.

తిరుప్పూరు మిల్లు నుంచి కూతురు వచ్చేసరికి
మర్నాడు మధ్యాహ్నం.
అద్దం మీద అరచెయ్యి ఆనించి
"నాన్నకి చలి పడదు కదా" అంది.
డీకన్ బయటికి వెళ్ళి
చాలాసేపు లోపలికి రాలేదు.

నా నోటు పుస్తకంలో గళ్ళు నాలుగే:
పేరు, వీధి, తీసుకెళ్ళిన గంట, తెచ్చిన గంట.
సంఘం, మతం గీద్దామంటే
పేజీ వెడల్పు చాల్లేదు.
ఇవాళ్టికి అరవై మూడు పేర్లు.

మారింది పెద్దగా ఏమీ లేదు.
మైకులు నాలుగూ అలాగే ఉన్నాయి.
మొన్న పండక్కి రెండు కుటుంబాలు అటు దూకాయని
బాప్తిస్టు వాళ్ళు ఇంకా కోపంగానే ఉన్నారు.

పోయిన నెల పెట్టెతో వెళ్ళిన పొడుగు వైరు
తిరిగి రాలేదు.
నలుగురికీ చెప్పాను.
ఆ ఆదివారం నాలుగు మైకుల్లోంచీ
కొంచెం వెనకా ముందూగా
ఒకే మాట వినబడింది:
"ఇడ్లీల కనికరమ్మ గారి వైరు
ఎవరింట్లో ఉందో దయచేసి ఇచ్చెయ్యండి."

పిండి కలుపుతూ నవ్వుకున్నాను.
వైరు మాత్రం
ఇంకా రాలేదు.